ఓడాలన్నా ఫైనల్ దాకా పోవాల!

“ఎంత బాగా ఆడితే ఏంలే, ఆఖర్లో చేతులెత్తేస్తాది.”

పి.వి. సింధు గురించి ఈ మాట మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు వినుంటాం! టీవీ ముందు కాలు మీద కాలేసుకుని, ఒళ్ళో బొరుగుల గిన్నె పెట్టుకుని, జన్మలో రాకెట్ పట్టని మనిషి తీర్పు చెప్పేస్తాడు. మా ఇంట్లో ఆ మనిషి మా ఆయనే. మీ ఇంట్లో ఎవరో మీకే తెలుసు.

ఆ మాట నాకు నచ్చదు. సింధు మన తెలుగమ్మాయి కాబట్టి వెనకేసుకొస్తున్నాననుకోకండి. అసలు ఆ లెక్కే తప్పు అంటున్నాను. ఆ తప్పుడు లెక్కతో మనం టీవీలో కనపడే ఆటగాళ్ళతో ఆగడం లేదు, ఇంట్లో తిరిగే పిల్లల్ని కూడా కొలుస్తున్నాం. అందుకే ఈ రోజు వంటల కబుర్లు పక్కన పెట్టి ఆటల సంగతి ఎత్తుకున్నాను.

మాది మదనపల్లె. నా పుట్టిల్లు పుంగనూరు. మా అక్కను కుప్పంలో ఇచ్చారు. జాతరకో, ఎండాకాలం సెలవులకో అందరం పుంగనూరులో అన్న ఇంట్లో చేరతాం. ఆడవాళ్ళం ఓళిగలకు పూర్ణం రుబ్బుతుంటే, వసారాలో మగపిల్లల పంచాయితీ మొదలవుతుంది. ఒకప్పుడు సచిన్ గొప్పా, ద్రావిడ్ గొప్పా అని కొట్టుకునేవాళ్ళు. తర్వాత ధోనీ, కోహ్లీ వచ్చారు. ఇప్పుడు ఆ గొడవ అమెరికా దాకా పోయింది.

అక్క కొడుకుకు బెంగళూరులో ఉద్యోగం. అక్కడి స్నేహితుల వల్ల వాడికి బాస్కెట్‌బాల్ పిచ్చి పట్టింది. అమెరికాలో రాత్రి జరిగే ఎన్‌బీఏ ఫైనల్ మనకు పొద్దున ఆరింటికి వస్తుంది. మనం పాలు కాచే టైముకు వాడు దుప్పట్లో ఫోన్ పెట్టుకుని కేకలు పెడుతుంటాడు. వాడికి లెబ్రాన్ జేమ్స్ దేవుడు. మా అన్న కొడుక్కేమో మైఖేల్ జోర్డాన్. వీడు పుట్టకముందే ఆట మానేసిన మనిషి ఆయన. పాత వీడియోలు చూసి అభిమాని అయ్యాడు.

విని విని ఆ లెక్కలు నాకూ వచ్చేశాయి. జోర్డాన్ ఆరుసార్లు ఫైనల్ ఆడాడు, ఆరూ గెలిచాడు: 1991, 1992, 1993, మళ్ళీ 1996, 1997, 1998. లెబ్రాన్ పదిసార్లు ఫైనల్ ఆడి నాలుగు గెలిచాడు: 2012, 2013, 2016, 2020.

“ఆరుకు ఆరు యాడ, పదికి నాలుగు యాడ! ఆఖరి నిమిషంలో నిలబడేటోడే మొగోడు” అంటాడు అన్న కొడుకు. అట్లా ఆఖరి నిమిషంలో నిలబడి ఆడడాన్ని వాళ్ళు ‘క్లచ్’ అంటారు. కారు క్లచ్ కాదు లెండి. బంతి చేతిలో ఉండి, గడియారంలో రెండు సెకన్లు మిగిలి, ఊరంతా ఊపిరి బిగబట్టినప్పుడు చెయ్యి వణక్కుండా వేసేవాడు క్లచ్ ఆటగాడు.

పూర్ణం చేత్తోనే పోయి గడప దగ్గర నిలబడి ఒక మాట అడిగాను. “ఒరే, లెబ్రాన్ ఓడిపోయిన ఆ ఆరుసార్లూ ఫైనల్‌కు రాకుండా ముందే ఇంటికి పోయింటే ఏమయ్యేది?”

అక్క కొడుకు వేళ్ళు లెక్కపెట్టుకుని, “నాలుగుకు నాలుగు అయ్యేది చిన్నమ్మా” అన్నాడు.

“అంటే ఫైనల్‌కు రాకపోయింటే ఇంకా గొప్పోడు అయ్యేవాడన్నమాట!”

వసారా అంతా నవ్వులు. కానీ నేను నవ్వులాటకు అనలేదు. జోర్డాన్ జట్టు 1985, 1986, 1987లో మొదటి రౌండ్‌లోనే ఇంటికి పోయింది. 1988, 1989, 1990లో డెట్రాయిట్ జట్టు చేతిలో ఓడింది. అవి కూడా ఆరేళ్ళే. కానీ ఫైనల్ దాకా రాలేదు కాబట్టి ఆ ఆరూ ఎవరి నోటా రావు. లెబ్రాన్ ఆరుసార్లు ఆఖరి మెట్టు దాకా ఎక్కి జారాడు కాబట్టి అవి మాత్రం ఇప్పటికీ వేలెత్తి చూపిస్తారు. 2018 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో ఒక్కడే 51 పాయింట్లు వేశాడు. జట్టు ఓడింది. ఆ ఓటమి కూడా అతని ఖాతాలోకే పోయింది.

జోర్డాన్‌ను తక్కువ చేయడం లేదు. ఆ మనిషి ఆట చూస్తే ఆట తెలియని నాకే కళ్ళు తిరుగుతాయి. నేను అనేది ఒక్కటే. ఆఖరి మెట్టు మీద ఓడినవాడికి శిక్ష, మొదటి మెట్టు మీద ఓడినవాడికి మాఫీ అంటే అది ఏం న్యాయం?

ఇప్పుడు సింధు దగ్గరకొద్దాం. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో కరోలినా మారిన్ చేతిలో ఓడింది. 2017 గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహర చేతిలో ఓడింది. 2018లో కామన్వెల్త్ ఫైనల్లో మన సైనా చేతిలో, ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మళ్ళీ మారిన్ చేతిలో, ఆసియా క్రీడల ఫైనల్లో తై జు యింగ్ చేతిలో ఓడింది. అప్పుడే మొదలైంది ఈ ‘చేతులెత్తేస్తాది’ పాట.

సరే, రియోలో ఫైనల్‌కు ఎట్లా వచ్చింది? దారిలో తై జు యింగ్‌ను ఓడించింది. క్వార్టర్ ఫైనల్లో చైనాకు చెందిన వాంగ్ యిహాన్‌ను 22-20, 21-19తో ఓడించింది. అంతకు ముందు ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచిన మనిషి ఆ వాంగ్. సెమీస్‌లో ఒకుహరను ఓడించింది. 22-20 దగ్గర ఒత్తిడి ఉండదా? ఆ రోజు చెయ్యి వణికుంటే అక్కడే ఇంటికి వచ్చేది. వణకలేదు కాబట్టే ఫైనల్‌కు పోయింది. మనవాళ్ళు మాత్రం ఒత్తిడి అనేది ఫైనల్ రోజునే పుట్టినట్టు మాట్లాడతారు.

గ్లాస్గో మ్యాచ్ సంగతి ఇంకా చెప్పాలి. 110 నిమిషాలు ఆడారు ఇద్దరూ. గంటా యాభై నిమిషాలు! మొదటి గేమ్ 19-21తో పోయింది. రెండో గేమ్ ఆఖరి పాయింటు కోసం బంతి అటూ ఇటూ 73 సార్లు పోయింది. బంతి అంటే ఆ ఈకల షటిలే. ఆ 73 దెబ్బల తర్వాత పాయింటు గెలిచింది సింధు. గేమ్ 22-20. మూడో గేమ్ 20-20 దాకా వచ్చి 20-22తో పోయింది. మూడు గేముల పాయింట్లూ కలిపి చూడండి: సింధుకు 61, ఒకుహరకు 63. రెండే రెండు పాయింట్లు తేడా. అవి ఇటు పడింటే ఇదే మనుషులు ‘ఉక్కు గుండె’ అనేవాళ్ళు. అటు పడ్డాయని ‘గుండె లేదు’ అన్నారు. ఆమె గుండె మాత్రం రెండు పాయింట్ల ముందూ తర్వాతా ఒకటే కదా!

రెండేళ్ళకు, 2019 ఆగస్టు 25న, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అదే ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. ఎదురుగా అదే ఒకుహర. 21-7, 21-7. ముప్పై ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. బ్యాడ్మింటన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన మొదటి భారతీయురాలు, మొదటి భారతీయులు అన్నా తప్పు లేదు. ఆ రోజు వాళ్ళమ్మ పుట్టినరోజు. పతకం అమ్మకే అంకితం అంది.

ఆ రోజు మా ఆయన కూడా లేచి చప్పట్లు కొట్టాడు. “ఇప్పుడు ఒప్పుకుంటా, గొప్పదే” అన్నాడు. నాకు అక్కడే మండింది. ఇప్పుడు ఏంటి ఒప్పుకునేది? బాసెల్‌కు ముందు రోజు ఆమె ఎవరు మరి? 2013లో పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కంచు, 2014లో ఇంకో కంచు, 2017లో వెండి, 2018లో వెండి. ఆ బంగారం రాకపోయినా ఆమె గొప్ప క్రీడాకారిణే. బంగారం ఆమెను గొప్పదాన్ని చేయలేదు. మనకు కళ్ళు తెరిపించింది, అంతే.

నన్నడిగితే ఆమెలో అసలు ధైర్యం కనపడింది బాసెల్‌లో కాదు, టోక్యోలో. 2021లో జరిగిన ఆ ఒలింపిక్స్ సెమీఫైనల్లో తై జు యింగ్ చేతిలో ఓడింది. బంగారం ఆశ పోయింది. మరుసటి రోజే మళ్ళీ కోర్టులోకి దిగి కంచు కోసం ఆడాలి. మనమైతే ఏం చేస్తాం? పెళ్ళి చూపులు తప్పిపోయినా, పరీక్ష పోయినా ఒక వారం తలుపేసుకుంటాం. ఆమె మరునాడు పోయి హీ బింగ్‌జియావోను 21-13, 21-15తో ఓడించి పతకం మెడలో వేసుకుంది. కల చెదిరిన మరుసటి రోజు లేచి పనిలో పడటం, అదీ క్లచ్ అంటే.

ఇంకొకామెను గుర్తు చేస్తాను. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో కంచు గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆమె మొత్తం 240 కిలోలు ఎత్తింది. బంగారం, వెండి గెలిచినవాళ్ళిద్దరూ 242.5 కిలోలు. ఆఖరి ప్రయత్నంలో మల్లీశ్వరి 137.5 కిలోలకు పోయింది. ఎత్తింటే బంగారమే. ఎత్తలేకపోయింది. అప్పుడు ‘ఆఖర్లో చేతులెత్తేసింది’ అన్నది ఎంతమందికి గుర్తుంది? దేశమంతా దండలు వేసింది. పెద్దది ఎత్తాలని పోయి కంచుతో తిరిగొచ్చిన ఆమెను నెత్తిన పెట్టుకున్నాం, వెండి తెచ్చిన సింధును వేలెత్తి చూపించాం. ఆటలో తేడా లేదు. మన ఆశలో ఉంది తేడా. ఒకరు బాగా ఆడేకొద్దీ మనం తృప్తి పడటం మానేస్తాం. ఇంట్లో బాగా పని చేసే కోడలికే ఎక్కువ వంకలు పెట్టినట్టు!

ఇదంతా టీవీ గొడవే అయితే నేను ఇంత రాసేదాన్ని కాదు. ఆ రోజు వసారాలో మగపిల్లలు అరుచుకుంటుంటే, స్తంభానికి ఆనుకుని ఒక పిల్ల మౌనంగా వింటూ కూర్చుంది. మా అన్న కూతురు. తొమ్మిదో తరగతి. బడి జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. అంతకు కొన్ని వారాల ముందు వాళ్ళ జట్టు వేరే ఊరికి టోర్నమెంటుకు పోయి ఫైనల్ దాకా వచ్చింది. ఆఖరి నిమిషంలో ఈ పిల్లకు రెండు ఫ్రీత్రోలు దొరికాయి. ఎదురుగా ఎవరూ అడ్డం రారు, గీత దగ్గర నిలబడి తీరిగ్గా వేయాలి. రెండూ పడలేదు. ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

ఇంటికి వస్తే వాళ్ళ నాయన, “ఊరికే నిలబడి ఎయ్యమన్నా పడలేదా?” అని నవ్వాడు. అన్న చెడ్డవాడు కాదు, పిల్లంటే ప్రాణం. నవ్వులాటకే అన్నాడు. వాళ్ళన్న వారం రోజులు ‘క్లచ్ రాణి’ అని ఏడిపించాడు. పిల్ల వాళ్ళమ్మతో, “నేను ఇంక ఆడనుమా” అంది. మా వదిన నాతో మెల్లగా అంది: “మానేస్తే మానేయనీ వదినా. ఎండలో నల్లబడేదీ, ఊర్ల మీద తిరిగేదీ తప్పుతాది.”

చూశారా? మగపిల్లవాడు ఓడిపోతే, “ఇంకోసారి చూద్దాంలేరా” అంటాం. ఆడపిల్ల ఓడిపోతే, ఆట మాన్పించడానికి సాకు దొరికిందనుకుంటాం. ఆ పిల్లకు ఆట ఎంత ఇష్టమో మా వదినకు తెలియక కాదు. పొట్టి లాగుల గురించి పక్కింటివాళ్ళు అనే మాటలు, చీకటి పడ్డాక ఇంటికి రావడం, ‘రేపు పెళ్ళికి’ అనే బెంగ, ఇవన్నీ వదిన ఒక్కతే మోస్తోంది. ఓటమి వచ్చి తలుపు తడితే ఆ బరువు దించుకుందామనిపిస్తుంది. ఆమెను తప్పు పట్టను. కానీ రెండు బంతులు పడలేదని ఆ పిల్ల కాళ్ళకున్న పరుగు ఆగిపోతే, అది ఒక్క పాయింటు ఓటమి కాదు, చాలా పెద్ద ఓటమి.

ఆ రాత్రి మేడ మీద పడుకున్నప్పుడు పిల్లకు నాకు తెలిసిన లెక్కలు చెప్పాను. షకీల్ ఓనీల్ అని ఒక మహాకాయుడు ఉండేవాడు, ఎన్‌బీఏలో నాలుగు టైటిళ్ళు గెలిచాడు. ఆయన ఫ్రీత్రోలు వంద వేస్తే పడేవి 53 దాకానే. జోర్డాన్ 1997లో ఒక ప్రకటనలో తన నోటితోనే చెప్పాడు, జట్టు తనను నమ్మి గెలుపు బంతి చేతికిస్తే 26 సార్లు వేయలేకపోయానని. మీ అన్న కొలిచే ఆ ‘క్లచ్’ దేవుడే!

పిల్ల కాసేపు ఆలోచించి, “26 సార్లు పోయినా మళ్ళీ ఆయనకే ఇచ్చినారా అత్తా బంతి?” అని అడిగింది.

ఆ ప్రశ్న నాకు నిద్ర పట్టనివ్వలేదు. అసలు సంగతి అదే కదా. ఓడిన తర్వాత కూడా బంతి మళ్ళీ చేతికిచ్చేవాళ్ళు ఉండాలి. జోర్డాన్‌కు ఇచ్చారు. లెబ్రాన్‌కు ఇచ్చారు. మన ఆడపిల్లలకు ఇస్తున్నామా?

‘ఒత్తిడిలో నిలబడటం గుణం కాదా మరి?’ అని మీరు అడగవచ్చు. గుణమే. కాదనను. కొందరికి ఆఖరి నిమిషంలో చెయ్యి బిగుసుకుంటుంది, నిజమే. కానీ అది జాతకంలో రాసిపెట్టింది కాదు. రోజూ సాయంత్రం గీత దగ్గర నిలబడి యాభై బంతులు వేస్తే తగ్గే జబ్బు. ఇంకో మాట. ఒకటి రెండు మ్యాచ్‌లు చూసి ‘ఇది దీని స్వభావం’ అని తేల్చకూడదు. ఒకరోజు అన్నం మాడిందని ఆ ఇల్లాలికి వంట రాదంటామా? అంటారు లెండి, అనేవాళ్ళు ఉన్నారు. ఇరవై ఏళ్ళు మూడు పూటలా వేళకు వండి పెట్టిన సంగతి ఎవరూ స్కోరు బోర్డు మీద రాయరు. పండగ రోజు పప్పులో ఉప్పు ఎక్కువైతే మాత్రం పదేళ్ళు చెప్పుకుంటారు. మనమీద పడితే ఎంత నొప్పో తెలిసిన ఆ కొలతనే మళ్ళీ మన పిల్లల మీద ఎట్లా వాడతాం? పదేళ్ళు చదివిన చదువును మూడు గంటల ఎంట్రన్స్ పరీక్షతో ఎట్లా కొలుస్తాం?

సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. నాన్న రమణ 1986 ఆసియా క్రీడల్లో కంచు గెలిచిన జట్టులో ఆడారు, అర్జున అవార్డు అందుకున్నారు. ఓడిపోయి ఇంటికి రావడం ఎట్లా ఉంటుందో వాళ్ళకు తెలుసు. మనమందరం ఆటగాళ్ళం కాలేం. కానీ ఓడి వచ్చిన పిల్లను గడపలో ‘ఎంతకు పోయింది?’ అని కాకుండా, ‘తిన్నావా?’ అని అడగడానికి అర్జున అవార్డు అక్కర్లేదు. ఆ రోజుకు ఆట మాట ఎత్తకుండా ఉండటం, వారం తర్వాత ‘ఈ సాయంత్రం ప్రాక్టీసుకు పోతావా?’ అని మామూలుగా అడగడం, ఆ షూస్ కడిగి ఎండలో పెట్టడం, ఇవి చాలు. ఇంట్లో మగవాళ్ళ నవ్వులాటలకు ఒక హద్దు గీయడం కూడా మన పనే. నేను మా అన్నకు గీసి వచ్చాను. “చెల్లెలు అన్యాయంగా అరిచింది” అని ఇప్పటికీ అంటున్నాడట. అననీ.

మిథాలీ రాజ్ సంగతితో ముగిస్తాను. రెండు ప్రపంచకప్ ఫైనళ్ళకు కెప్టెన్‌గా మన జట్టును తీసుకుపోయింది, 2005లో, 2017లో. రెండూ ఓడిపోయాం. రెండోది 9 పరుగులతో. కప్పు అందకుండానే ఆమె ఆట మానేసింది. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి కప్పు గెలిచారు. ఆ జట్టులో మన పక్క కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. కెప్టెన్ హర్మన్‌ప్రీత్ 2017లో ఓడిన జట్టులోనూ ఆడింది. గెలిచాక వాళ్ళు ఏం చేశారో గుర్తుందా? మైదానంలో ఉన్న మిథాలీ రాజ్, ఝులన్ గోస్వామి, అంజుమ్ చోప్రా చేతుల్లో ఆ కప్పు పెట్టారు.

ఆ అమ్మాయిలకు లెక్క సరిగ్గా తెలుసు. ఓడిపోయిన ఆ ఫైనళ్ళు లేకుంటే ఈ ఫైనల్ లేదని.

మా అన్న కూతురు ఇంకా ఏమీ తేల్చలేదు. దసరా సెలవుల తర్వాత చెప్తానంది. ఆడుతుందో, మానేస్తుందో దాని ఇష్టం. మానేస్తే ఆట మీద ఇష్టం పోయి మానేయాలి గానీ, ఆ రెండు బంతుల కోసం మాత్రం కాదు.